తలుపు సందులోని పసుపు చీటి

మూడేండ్ల క్రిందట మావారు ఒక యిల్లు కొనిరి. దానికి పునాదులు లేవు. నాలుగు చక్రములు మాత్రము గలవు. ఇల్లు కట్టి చూడుమన్న పెద్దలు ఇట్టి యింటినిగూర్చి యేమనియుందురో యెఱుగను గాని, దానివలన నేను నేర్చిన లెక్కలు ఏ బడిలోను నేర్వలేదు. అమెరికాలో కాపురమున్న మన ఆడపడుచులలో నా యెఱుకలోనే ఇద్దఱు ముగ్గురు ఇప్పుడీ ముచ్చటపడుచున్నారు. వారికొఱకైనను జరిగినది జరిగినట్లు చెప్పుట మేలని తోచి వ్రాయుచున్నాను.

మేము టెక్సాసు రాష్ట్రమున డాలసు పట్టణమునకు ఉత్తరముననున్న యొక పేటలో కాపురముందుము. మావారు, నేను, ఇద్దఱు పిల్లలు, 78 ఏండ్ల మా అత్తగారు. అత్తగారికి హోటలు గదులనిన గిట్టదు. ఎవరు పండుకొని లేచిన మంచమో, ఎవరేమి వండిన గిన్నెయో యని సంకోచము. వారిని విడిచి వెళ్లుటకు మాకు మనసొప్పదు. అందుచేత పిల్లలకు సెలవులు వచ్చినను ఇల్లు కదలకుండెడివారము. ట్రెయిలరు కొన్నచో మన వంటయిల్లు, మన పక్కలు, మన స్నానపుగది మనవెంటనే వచ్చునని మావారు ఊహించిరి. కావున అది అత్తగారికొఱకు కొన్నదే యని చెప్పవలెను. ఈ మాట చదువరులు జ్ఞాపకముంచుకొనవలయును, ముందు పనికివచ్చును.

ట్రెయిలరనగా ఇంజను లేని చక్రముల యిల్లు. మేము కొన్నది 28 అడుగుల పొడవుది. దాని ముందుభాగమున ఇనుప నొగ యొకటి పొడుచుకొని వచ్చి, ట్రక్కు వెనుకనున్న గుండుమీద కూర్చుండును. ట్రక్కు మాకు మునుపే కలదు. ముందు రెండు వరుసల కూర్చుండు చోటును, వెనుక సామాను వేసికొను తెరపి తొట్టియు గల పికప్పు ట్రక్కు.

అమ్మినవాడు మర్యాదస్థుడు. "అయ్యా, మీ ట్రక్కు 11,200 పౌనులు లాగును. ఈ ట్రెయిలరు 6,300 పౌనులే. ఇంకను ఇంచుమించు 5,000 పౌనులకు వెసులుబాటున్నది," అనెను. ఆ రెండంకెలును నిజమైనవే. కంపెనీ పుస్తకమునందును అవియే యున్నవి. మావారు తృప్తిపడిరి, నేనును తృప్తిపడితిని, డబ్బు చెల్లించితిమి. వెళ్లునపుడు అతడు ఇంకొక మాటయు చెప్పెను: "ట్రెయిలరు ఎప్పుడైన ఊగసాగినచో ట్రక్కు బ్రేకు త్రొక్కవలదు, కాలు తీసివేసి, ట్రెయిలరు బ్రేకు మీట మాత్రము చేతితో నొక్కుడు." ఆ మాటవలననే నేడు ఈ వ్యాసము వ్రాయుటకు మిగిలియున్నాను. కావున అతనిని నిందించుటకు నాకు నోరురాదు.

ఒక ఆదివారము మా అమ్మాయి ట్రక్కు కడుగుచు, నడుపువారి తలుపు తెఱచి, తలుపు సందున కంబమునకు అంటించిన యొక చీటిని బిగ్గఱగా చదివెను. పసుపు తెలుపు రంగుల చిన్న చీటి. ఈ బండియందెక్కు మనుష్యులును సామానును కలిసి 1,480 పౌనులు మించరాదని దాని తాత్పర్యము. నేను మావారి నడిగితిని. "అది ట్రక్కులో వేసికొను సామానునకు సంబంధించినది. ట్రెయిలరునకు దాని చక్రములు దానికున్నవి గదా, తన బరువు తానే మోసికొనును," అనిరి. వినుటకు సబబుగానేయున్నది. ఐనను నాకు నిద్రపట్టలేదు. ఆ రాత్రి ట్రక్కు పుస్తకమును, ట్రెయిలరు పుస్తకమును బల్లమీద బెట్టుకొని కూర్చుంటిని.

ట్రెయిలరు తన బరువంతయు తానే మోసికొనదు. దాని నొగ గుండుమీద కూర్చున్నచోట కొంత బరువు ట్రక్కుమీద పడును. దీనిని టంగు వెయిటందురు, నేను నొగబరువనెదను. మొత్తము ట్రెయిలరు బరువులో నూటికి 10 మొదలు 15 వంతులవఱకు నొగబరువుండవలెనని నియమము. ఈ నొగబరువంతయు పసుపు చీటిలోని 1,480 పౌనులలోనే చేరును. ట్రక్కు దాని నిక లాగుట లేదు, వీపున మోయుచున్నది. అమ్మినవాడు చెప్పిన 11,200 లాగు బరువు. చీటిలోనిది మోయు బరువు. మేము అడుగవలసిన అంకె ఈ రెండవది.

ఆ పెద్ద అంకె యెట్లు పుట్టునో కూడ తెలిసికొంటిని. మోటారు ఇంజనీర్ల సంఘమువారు 2008లో జె 2807 అను నియమావళి నొకదానిని ప్రకటించిరి. అరిజోనా రాష్ట్రమున డేవిస్ డ్యామ్ అను ఆనకట్ట దగ్గఱనుండి కొండమీదికి 11 మైళ్లకు పైగా ఎక్కుడుదారి యున్నది. మండుటెండలో, చల్లగాలి యంత్రము పూర్తిగా వేసి, బరువు లాగుచు, గంటకు 40 మైళ్లకు తగ్గక ట్రక్కు ఆ దారి నెక్కగలుగవలెను. పరీక్ష కఠినమైనదే, సందేహము లేదు. కాని ఆ ట్రక్కులో కూర్చుండువారు ఇద్దఱే: నడుపువాడును, ప్రక్కనొకడును, మనిషికి 150 పౌనుల లెక్క. అందు అత్తగారు లేరు, పిల్లలు లేరు, తొట్టిలో బియ్యపు బస్తాలు లేవు.

ఇక ఆ 6,300 మాట. అది ఖాళీ ట్రెయిలరు బరువు. కర్మాగారమునుండి వెలువడిననాటిది. ఆ పిమ్మట ఒక గృహిణి దానిలో అడుగుపెట్టును! గ్యాలను నీరు 8 పౌనులకు పైచిలుకు. మా తొట్టి 40 గ్యాలనులు పట్టును గనుక నీళ్లే 330 పౌనులు. వంటగ్యాసు బుడ్లు రెండు, బ్యాటరీ, పక్కలు, దుప్పట్లు, మడతకుర్చీలు. దానిపైని మా వంటయిల్లు: ప్రెషరు కుక్కరులు, ఇనుప పెనము, దోసెలకు లేక తీఱదని కరెంటు రుబ్బురోలు, బియ్యపు సంచులు, పప్పులు, ఆవకాయ జాడి. ఒక్కొక్కటే ఇంటిలోని చిన్న కాటామీద పెట్టి వ్రాసికొంటిని. అన్నియు కూడగా 1,100 పౌనులు తేలెను. అనగా ట్రెయిలరు 7,400.

పాలవాడి పద్దు వ్రాయు చేయి యిది, తప్పు పోదు. 7,400కు నూటికి 13 చొప్పున నొగబరువు 962. గుండును, దానితోడి ఇనుప సరంజామాయు 95. మావారు 185, నేను 140, అబ్బాయి 160, అమ్మాయి 90, అత్తగారు 105. వెరసి మనుష్యులము 680. తొట్టిలో సామాను 100. అన్నియు కలిపిన 1,837. చీటి యొప్పుకొన్నది 1,480. అనగా 357 పౌనులు మీఱినది.

ఆ లెక్క చూచి భయపడితిని. భయపడినదానను మఱునాడే మావారికి చెప్పవలసినది. చెప్పలేదు. డబ్బు చెల్లించియుంటిమి. పాలో డురో లోయలో విడిది స్థలమునకు రొక్కము కట్టియుంటిమి. పిల్లలు రోజులు లెక్కించుచుండిరి. దానికితోడు గృహిణికి సర్దుట యను విద్యయందు ఒక గర్వముండును. చాలని బియ్యమును, చాలని జీతమును, చాలని గదులను సర్దుకొని వచ్చినదానను, ఈ 357 పౌనులను సర్దలేనా యనుకొంటిని. నొగమీద బరువు తగ్గవలెనన్న సామాను వెనుకకు జరిపిన సరి! బియ్యపు సంచులు, రుబ్బురోలు, పప్పుల డబ్బాలు, అన్నియు ట్రెయిలరు వెనుక కొసనున్న అరలలోనికి మార్చితిని. పిల్లల సైకిళ్లను వెనుక బంపరుమీద కట్టించితిని. నా తెలివికి నేనే సంతసించితిని.

మార్చి నెలలో బడులకు వసంతపు సెలవులిచ్చిరి. బయలుదేఱితిమి. ఫోర్టువర్తునుండి వాయవ్యముగా అమరిల్లోకు పోవు 287వ నంబరు రోడ్డు. విచిటా ఫాల్సు దాటువఱకు చల్లగా సాగెను. ఆవలనంతయు చదునైన నేల. గాలికి అడ్డు ఒక చెట్టైనను లేదు. గంటకు 65 మైళ్ల వేగమున పోవుచుండగా పెద్ద లారీ యొకటి మమ్ము దాటిపోయెను. దాని గాలి మొదట మమ్ము ప్రక్కకు త్రోసి, పిదప తనవైపునకు లాగికొనెను. ట్రెయిలరు తోక ఒకసారి ఎడమకు పోయెను. ఆ వెంటనే కుడికి. మఱల ఎడమకు, మొదటికన్న ఎక్కువగా. అద్దములో మా యిల్లు ఒకసారి ఈ ప్రక్కను, ఒకసారి ఆ ప్రక్కను కనబడుచుండెను. ట్రక్కు వెనుకభాగమును పట్టుకొని ఎవరో ఊపుచున్నట్లు తోచెను. అమ్మాయి కేకవేసెను. అత్తగారు మాత్రము కన్నులు మూసికొని ఏదో నామము జపించుచుండిరి.

మావారు బ్రేకు త్రొక్కలేదు. కాలు తీసి, చేతితో ఆ మీటను నొక్కిరి. వెనుకనుండి ఎవరో పగ్గము బిగించినట్లై ట్రెయిలరు తిన్నబడెను. రోడ్డు ప్రక్కను ఆపి దిగిరి. వారి చేతులు వణకుటను పదునేడేండ్ల కాపురములో నేనప్పుడే చూచితిని. "ఇంత బలమైన ట్రక్కునకు ఇట్లేల కావలె?" అని తమలో తామనుకొనుచుండిరి. అప్పుడు చెప్పితిని, లెక్క చెప్పితిని, సర్దుబాటును చెప్పితిని. వారు నన్నొక్కమాటయు అనలేదు. అనియున్న బాగుండెడిది.

ఈ దేశమున పెద్దరోడ్ల ప్రక్క లారీలవాండ్రు ఆగు విడిదులున్నవి. వానిలో క్యాట్ అను పేరుగల కాటాలుండును. నేలతో సమముగానున్న బల్లలు. ట్రక్కు ముందుచక్రములు ఒక బల్లమీదను, వెనుకచక్రములు రెండవదానిమీదను, ట్రెయిలరు చక్రములు మూడవదానిమీదను నిలుచునట్లు ఆపినచో, ఏ బరువునకాబరువు అచ్చువేసిన కాగితము చేతికిచ్చెదరు. కొలది డాలరులే రుసుము. లారీలవాండ్రకే గాని మనకు కాదని యెవరును వెనుదీయ నక్కఱలేదు; వారు ఎవరినైనను తూచుదురు. మెల్లగా అట్టి విడిది యొకటి చేరితిమి. ఒకసారి ట్రెయిలరుతోను, ఇంకొకసారి దానిని విప్పి నిలిపి ట్రక్కును మాత్రమును తూపించితిమి. నొగబరువు తెలియుటకు ఇదే మార్గము. ట్రక్కు ఒంటిగా 6,395. ట్రెయిలరు తగిలించినప్పుడు, బరువును ముందువెనుకలకు పంచు కడ్డీలు వదలించి తూచగా, 6,985. తేడా 590, అదియే నొగబరువు.

మావారు ఆ కాగితమును చూచి, "ట్రక్కునకు హద్దు 7,000. మనము 15 పౌనులు తక్కువనే యున్నాము గదా!" అనిరి. నా సర్దుబాటు ఫలించినది, చూచితిరా! చీటి ముందర నేను నిర్దోషిని. కాని 7,400 పౌనుల ట్రెయిలరునకు 590 అనగా నూటికి 8 వంతులు. 10కి తగ్గరాదను నియమమును దాటితిని. ట్రక్కు వీపును కాపాడబోయి ట్రెయిలరు తోకను వదలివేసితిని.

అంతవఱకును మడతకుర్చీలో కూర్చుండి చూచుచుండిన అత్తగారు, "ఇది బండి కట్టుట వంటిదేనటమ్మా?" అని యడిగిరి. వారి పుట్టినిల్లు తెనాలి ప్రక్క పల్లె. "మా నాయన ధాన్యము తెనాలి తోలించునపుడు, బస్తాలన్నియు వేసినపిమ్మట కాడిని చేతితో ఎత్తి చూచెడివాడు. తేలికగా లేచినచో ఒక బస్తా ముందునకు జరిపించును. ఎద్దుల మెడమీద కొంత బరువు పడవలె. పడకున్న బండి వెనుకకు వాలి, కాడి పైకి లేచి, త్రాళ్లు వాని గొంతునకు బిగియును. అట్లని మెడ విఱుగునంత వేయరాదు. తోకన బరువు వేసినవాడు బండి తోలనివాడనెడివాడు."

"ఈ మాట బయలుదేఱుటకు ముందే చెప్పరాదా, అత్తయ్యా?" అంటిని.

"నన్నెవ రడిగినారమ్మా?" అనిరి.

నీళ్లన్నియు వదలివేసి, సంచులు ముందునకు మార్చి, గాలి తగ్గినపిమ్మట గంటకు 50 మైళ్ల వేగమున ఇంటికి మరలితిమి. లోయను చూడలేదు. పిల్లలు దారి పొడుగున ముడుచుకొని కూర్చుండిరి.

తరువాత ఒక వారమంతయు ఇంటిలో ఇదే ఆలోచన. ఇంకను గట్టి ట్రక్కు కొనవచ్చును. ముప్పాతిక టన్ను తరగతివని వానిని పిలిచెదరు, వాని మోతబరువు ఎక్కువ. కాని దాని వెల చూచి మావారు కాగితమును మడిచి జేబులో పెట్టుకొనిరి. రుబ్బురోలు మానుకొందమని నేను. సైకిళ్లు వలదని అబ్బాయి. ఒక రాత్రి భోజనములైన తరువాత అత్తగారు, "నేనింటనే యుందును. నాలుగుదినములకు పచ్చడియు పెరుగును చాలును. నాతోనే గదా బరువు ఎక్కువైనది," అనిరి. ఆ మాట వారు కష్టపెట్టుకొని అనలేదు. బస్తా నొకదానిని దింపుమన్నట్లే అనిరి. మావారు తలవంచుకొని, "నాలుగుదినములే గదమ్మా," అనిరి.

నాకు వచ్చిన కోపము ఇంతింత కాదు. వారిమీదనో, నామీదనో నాకే తెలియదు. పద్దుపుస్తకము తెచ్చి బల్లమీద వేసితిని. "అత్తయ్యను దింపినను ఇంకను 252 పౌనులు ఎక్కువే. తొట్టి ఖాళీచేసినను 152. నన్ను కూడ దింపుడు, అప్పటికి 12. మిమ్మును దింపినచో సరిపోవును, కాని బండి తోలువారుండరు! ఎవరిని దింపినను మన మెవరికొఱకు దీనిని కొంటిమో వారికది పనికిరాదు. బరువైనది అత్తయ్య కాదు, ట్రెయిలరు," అంటిని. అట్లు బిగ్గఱగా మాటాడుట నాకలవాటు కాదు. పిల్లలు గదిలోనుండి తొంగిచూచిరి. మావారు పుస్తకము తమవైపునకు త్రిప్పుకొని, అడుగునుండి పైకి మఱల కూడిరి. సరిగానే యున్నది.

పెద్ద ట్రెయిలరును అమ్మివేసితిమి. నష్టమెంతయో ఈ పత్రికలో వ్రాయను, మావారును చదువుదురు. ఈసారి చిన్నది కొనుటకు వెళ్లినపుడు నేను ముందుగా దాని ఖాళీబరువు నడుగలేదు. నిండుగా వేసినను మించరాని బరువెంతయో ట్రెయిలరు ప్రక్కను చీటి యొకటి యుండును, అది చూచితిని. 5,000. ఆ హద్దు లోపల మా సామాను వేసిన 4,600 అగును. నొగబరువు నూటికి 13 చొప్పున 598, ఇనుము 95, మనుష్యులము 680, వెరసి 1,373. తొట్టిలో వేసికొనుటకు ఇంకను 107 పౌనులు మిగిలినవి. ఇరుకైన మాట నిజమే. పిల్లలు పండుకొను బల్లయే భోజనపు బల్ల. రుబ్బురోలు ఇంటివద్దనే విడిచి, పిండి రుబ్బి తీసికొనిపోయెదను. సైకిళ్లు తొట్టిలో ముందుకొసకు ఆనించి కట్టుదుము.

అక్టోబరులో మఱల అదే రోడ్డున పోతిమి. పాలో డురో లోయలోనికి దిగుదారి నూటికి 10 వంతుల వాలని వినియుంటిమి గనుక, ముందుగా దారిలో ఇంకొకసారి కాటా ఎక్కించితిమి. కాగితము నా చేతికి వచ్చెను. ట్రక్కుమీద 6,953, హద్దునకు 47 తక్కువ. నొగబరువును సరిగానే యున్నది. మావారికి చదివి వినిపించి, పద్దుపుస్తకమున ఎక్కించుచుంటిని.

అత్తగారు కిటికీలోనుండి, "దానిలో నావెన్ని?" అని యడిగిరి.

"105 అత్తయ్యా, ఎప్పటి లెక్కయే."

"మొన్న ఏకాదశి యుపవాసముంటిని గదమ్మా. 103 వేయుము."

కలము తీసి దిద్దితిని.